ఊరూ పేరూ లేని వారంటు

వారంటు కథ – 4వ భాగం

1763 ఏప్రిల్ నెలాఖరు. లండన్‌లో డ్రైడెన్ లీచ్ అనే అచ్చాఫీసు యజమాని రాత్రి తన ఇంట్లో నిద్రపోతున్నాడు. రాజుగారి మెసెంజర్లు లోపలికి జొరబడ్డారు. అతన్ని పక్క మీద నుంచి లేపి, ఇంట్లో కాగితాలు మూటగట్టి, అతన్నీ అతని దగ్గర పనిచేసేవాళ్ళనూ పట్టుకుపోయారు. ఏ నేరానికి? ‘ది నార్త్ బ్రిటన్’ అనే వారపత్రిక 45వ సంచికను అచ్చువేసినందుకు. లీచ్ ఆ సంచిక అచ్చువెయ్యనే లేదు. అంతకుముందెప్పుడో ఆ పత్రికదే మరో సంచిక అతని అచ్చాఫీసులో అచ్చయింది, అంతే. ఎవరో చెప్పిన గాలిమాట పట్టుకుని వచ్చారు మెసెంజర్లు. కొన్ని రోజులు నిర్బంధంలో ఉంచాక మనిషి ఇతను కాదని తేలి, వదిలేశారు.

పొరపాటు జరిగిందని సరిపెట్టుకుందామా అంటే, వాళ్ళ చేతిలో ఉన్న కాగితం ప్రకారం అది పొరపాటు కిందకు కూడా రాదు. ఆ కాగితంలో లీచ్ పేరు లేదు. మరెవరి పేరూ లేదు. ఎవరిని పట్టుకున్నా ఆ కాగితం సరే అంటుంది.

ఏప్రిల్ 26న హాలిఫాక్స్ ప్రభువు సంతకం చేసిన వారంటు అది. ఆయన జడ్జి కాదు, మంత్రి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే ఆ పదవి మన లెక్కలో హోంమంత్రి పదవికి దగ్గర. నాథన్ కారింగ్టన్, జాన్ మనీ, జేమ్స్ వాట్సన్, రాబర్ట్ బ్లాక్‌మోర్ అనే నలుగురు మెసెంజర్లకు ఆ ఉత్తర్వు రాశారు. సారాంశం ఇది: ఒక కానిస్టేబులును వెంటబెట్టుకుని వెళ్ళండి. నార్త్ బ్రిటన్ 45వ సంచికను రాసినవాళ్ళను, అచ్చువేసినవాళ్ళను, ప్రచురించినవాళ్ళను వెతకండి. దొరికినవాళ్ళను వాళ్ళ కాగితాలతో సహా పట్టి తెండి. పట్టుకోవలసినవాళ్ళ పేర్లు నాలుగూ వరసగా ఉన్నాయి. పట్టుబడవలసినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఇంగ్లీషు న్యాయవాదులు ఇలాంటిదాన్ని జనరల్ వారంటు అన్నారు. మన మాటలో చెప్పాలంటే గంపగుత్త వారంటు. ఆ ఒక్క కాగితం మీద 49 మందిని పట్టుకున్నారు.

గత భాగంలో ఫ్రాన్సు రాజుల ముద్రలేఖల సంగతి చూశాం. రాజు సంతకం పడితే చాలు, విచారణ ఊసు లేకుండా మనిషి బాస్తీలు కోటలో పడేవాడు. ఇంగ్లండు జనం ఆ కథలు చెప్పుకుని, మన దగ్గర అలాంటివి సాగవని గర్వపడేవాళ్ళు. సముద్రానికి ఇవతల కూడా అదే సరుకు వేరే సంచిలో ఉందని వాళ్ళకు 1763లో తెలిసింది.

ఆ 45వ సంచికలో ఏముంది? ఏడేళ్ళ యుద్ధం ముగిసి ఆ ఏడాది ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి కుదిరింది. మనవాళ్ళకు ఈ యుద్ధం పరాయిది కాదు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటలో ఫ్రెంచివాళ్ళను ఇంగ్లీషువాళ్ళు ఓడించింది ఈ యుద్ధంలోనే. పారిస్ సంధిపత్రం 11వ అధికరణంలో దక్కన్ సుబేదారుగా సలాబత్ జంగ్ పేరు కూడా ఉంది. వాళ్ళు అక్కడ ఆ పేరు రాసేనాటికే ఇక్కడ అతని తమ్ముడు నిజాం అలీ అతన్ని గద్దె దించేశాడు. సంధిలో శత్రువుకు మరీ ఎక్కువ వదిలేశారని లండన్‌లో చాలామందికి కోపం. మూడో జార్జి రాజు పార్లమెంటులో చేసిన ప్రసంగం ఆ సంధిని ఆకాశానికెత్తింది. ఏప్రిల్ 23న వెలువడిన 45వ సంచిక ఆ ప్రసంగాన్ని దులిపేసింది. ప్రసంగం రాజు నోట వచ్చినా రాసింది మంత్రులేనని ముందే జాగ్రత్తగా చెప్పుకుంది. అయినా రాజు కోపగించాడు. మూడు రోజుల్లో వారంటు వచ్చింది.

ఆ వ్యాసం రాసింది జాన్ విల్క్స్, ఎయిల్స్‌బరీ నుంచి గెలిచిన పార్లమెంటు సభ్యుడు. వ్యసనాలున్నవాడు, అప్పులున్నవాడు, నోరు అదుపులో లేనివాడు. అతన్ని మహానుభావుణ్ణి చెయ్యాలని నాకు లేదు. ఆ వారం రోజుల్లో అతను చూపిన ధైర్యం మాత్రం నిజమైనది.

పట్టుబడ్డ ప్రచురణకర్త జార్జి కీర్స్‌లీ పేర్లు చెప్పేశాక మెసెంజర్లు విల్క్స్ ఇంటికి వెళ్ళారు. అతను వారంటు చూపించమన్నాడు. చూసి, ఇందులో నా పేరెక్కడుందని అడిగాడు. ఇది నా ఒక్కడి మీద తీసిన వారంటు కాదు, ఇంగ్లీషు జాతి మొత్తం మీద తీసినది, మీరు ముందు పక్కింటివాళ్ళను ఎందుకు పట్టుకోలేదని నిలదీశాడు. వాళ్ళ దగ్గర జవాబు లేదు. ఉండదు కూడా. పేరు లేని వారంటు పక్కింటికీ ఎంత చెల్లుతుందో ఈ ఇంటికీ అంతే చెల్లుతుంది.

ఆ పొద్దున జరిగిన ఒక సంఘటనను విల్క్స్ తానే తర్వాత రాసి పెట్టాడు. మెసెంజర్లు ఇంట్లో ఉండగా చార్లెస్ చర్చిల్ అనే కవి లోపలికి వచ్చాడు. నార్త్ బ్రిటన్ నడపడంలో విల్క్స్‌కు కుడిభుజం అతను. అతన్ని కూడా పట్టుకోవాలని మెసెంజర్లు చూస్తున్నారు, కానీ ఎదురుగా ఉన్న మనిషి చర్చిల్ అని వాళ్ళకు తెలియదు. విల్క్స్ తడుముకోకుండా, “రండి థామ్సన్ గారూ, ఇంట్లో ఆవిడ కులాసానా? ఇవాళ భోజనం ఊరి బయటేనా?” అన్న ధోరణిలో పలకరించాడు. చర్చిల్ క్షణంలో అర్థం చేసుకున్నాడు. అవునండీ, ఆవిడ ఎదురు చూస్తోంది, మిమ్మల్నొకసారి పలకరించి పోదామని వచ్చానంటూ నమస్కారం పెట్టి బయటపడ్డాడు. నేరుగా ఇంటికి వెళ్ళి కాగితాలు సర్దుకుని ఊరు దాటేశాడు.

చదివేటప్పుడు నవ్వొచ్చే సంగతే ఇది. లీచ్ కథను దీని పక్కన పెట్టి చూడండి. ఒకే వారంటు. దాని కింద, ఆ సంచికతో సంబంధం లేని అచ్చాఫీసు యజమాని నిద్రలో దొరికిపోయాడు. సంబంధం ఉన్న కవి వాళ్ళ కళ్ళ ముందే నడిచి వెళ్ళిపోయాడు. ఎవరిని పట్టాలో ఆధారాలు చూసి ముందే తేల్చి రాసినవాడు లేడు కాబట్టి ఇలా అయింది. మంత్రి ఆలోచించడం మానేసి ఆ పని మెసెంజర్లకు వదిలాడు. మెసెంజర్లు దాన్ని గాలిమాటలకు వదిలారు.

ఏప్రిల్ 30న విల్క్స్‌ను హాలిఫాక్స్ ఎదుటికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి లండన్ టవర్‌కు పంపారు. ఇంట్లో లేని సమయం చూసి సహాయ కార్యదర్శి రాబర్ట్ వుడ్ మనుషులతో వచ్చాడు. కమ్మరిని పిలిపించి సొరుగుల తాళాలు తీయించారు. చేతికందిన కాగితాలన్నీ గోనెసంచిలో కుక్కారు. ఏం తీసుకుపోతున్నారో జాబితా కూడా రాయలేదు. వీలునామా సైతం ఆ సంచిలోకే పోయింది. పత్రిక వ్యాసం కోసం వెతుకుతూ మనిషి బతుకంతా మూటగట్టుకుపోయారు.

హెబియస్ కార్పస్ పిటిషను మీద కామన్ ప్లీస్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ప్రాట్ మే 6న విల్క్స్‌ను విడుదల చేశాడు. కోర్టులో విల్క్స్ తన గొడవ చెప్పుకోలేదు. ఇవాళ ఇక్కడ తేలబోయేది ప్రభువుల, పెద్దమనుషుల స్వేచ్ఛ, వాళ్ళకంటే ఎక్కువగా రక్షణ అవసరమైన మధ్యతరగతి, కిందితరగతి జనం స్వేచ్ఛ అన్నాడు. జనం ‘విల్క్స్, స్వేచ్ఛ’ అని కేకలు వేస్తూ వీధుల్లో నడిచారు. అయితే న్యాయమూర్తి విడుదలకు చెప్పిన కారణం పార్లమెంటు సభ్యుడి ప్రత్యేక హక్కు మాత్రమే. గంపగుత్త వారంటు చెల్లుతుందా, చెల్లదా అన్న ప్రశ్న అక్కడ తేలలేదు.

తేల్చింది అచ్చాఫీసు కూలీలు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. చరిత్ర పుస్తకాలు విల్క్స్ దగ్గర ఆగిపోయి వీళ్ళను రెండు వాక్యాల్లో దాటేస్తాయి.

విలియం హకుల్ లీచ్ దగ్గర పనిచేసే మనిషి. వారానికి ఒక గినీ, అంటే 21 షిల్లింగులు కూలి. ఆ వారంటు కింద అతన్ని పట్టుకుని ఆరు గంటల సేపు ఉంచుకున్నారు. కొట్టలేదు, తిట్టలేదు. మాంసం పెట్టారు, బీరు ఇచ్చారు. తర్వాత వదిలేశారు. అతను మెసెంజర్ల మీద నష్టపరిహారం దావా వేశాడు. జూరీ 300 పౌన్లు ఇప్పించింది. లెక్క వేసి చూస్తే అది అతని ఐదున్నరేళ్ళ కూలి. ఇది మరీ అన్యాయం, ఆరు గంటలకు అంత డబ్బా, కొత్తగా విచారణ జరపండని ప్రభుత్వ న్యాయవాదులు మొత్తుకున్నారు. ప్రాట్ ఒప్పుకోలేదు. ఒక్కడి ఆరు గంటలే లెక్కయితే 20 పౌన్లు చాలేవేమో. జూరీ చూసింది ఆ ఆరు గంటలను కాదు, రాజ్యంలోని ప్రజలందరి మీద చెలాయించిన అధికారాన్ని. సాక్ష్యం సంపాదించడానికి పేరు లేని వారంటుతో ఒకరి ఇంట్లో దూరడం స్పెయిన్ మతవిచారణ కంటే హీనమని కూడా ఆయన అన్నాడు.

మిగతా పనివాళ్ళు కూడా దావాలు వేశారు. 1763 డిసెంబరు 6న విల్క్స్‌కు వుడ్ మీద వెయ్యి పౌన్లు వచ్చాయి. లీచ్ 400 గెలిచాడు. ప్రభుత్వం లీచ్ కేసును కింగ్స్ బెంచి కోర్టుకు తీసుకెళ్ళింది. అక్కడి ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువుకు విల్క్స్ అన్నా అతని గుంపన్నా గిట్టదు. అందుకే ఆయన మాటకు బరువెక్కువ. ఎవరిని పట్టాలో నిర్ణయించే పని అధికారి ఇష్టానికి వదలడం తగదు, మేజిస్ట్రేటే ఆలోచించి నిర్ణయించి ఖచ్చితమైన ఆదేశం ఇవ్వాలన్నాడు. వారంటు అంటే ఏమిటో నాకు ఇంతకంటే సూటిగా చెప్పిన మాట కనబడలేదు. ఒకరు ఆలోచించాలి, మరొకరు అమలు చెయ్యాలి. రెండు పనులూ ఒకే చేతిలో ఉంటే కాగితం ఎందుకు?

ఇక జాన్ ఎంటిక్ కేసు. ఇది పైకి వేరుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ వారంటులో పేరు ఉంది. ఎంటిక్ నిఘంటువులు కూర్చిన పండితుడు, ‘ది మానిటర్’ అనే పత్రికకు రాసేవాడు. 1762 నవంబరు 11న అదే కారింగ్టన్ మరో ముగ్గురితో స్టెప్నీలోని అతని ఇంట్లో దూరి, నాలుగు గంటల సేపు గదులన్నీ గాలించి, కాగితాలు పట్టుకుపోయాడు. సంతకం మళ్ళీ హాలిఫాక్స్ ప్రభువుదే. విల్క్స్ మనుషులు గెలవడం చూసి ఎంటిక్ కూడా దావా వేశాడు. ఈసారి ప్రభుత్వం గట్టి వాదన తెచ్చింది: మనిషి పేరు రాశాం, ఇలాంటి వారంట్లు 1688 నాటి విప్లవం నుంచి ఇస్తూనే ఉన్నాం, ఇన్నేళ్ళుగా ఎవరూ కాదనలేదు, పైగా రాజ్యానికి ఇది అవసరం.

1765లో తీర్పు ఇచ్చేనాటికి ప్రాట్ కామ్డెన్ ప్రభువు అయ్యాడు. ఆయన ఈ ఆనవాయితీ వేళ్ళు ఎక్కడున్నాయో తవ్వాడు. 1662లో అచ్చాఫీసులను అదుపు చెయ్యడానికి ఒక చట్టం వచ్చింది. ఇళ్ళు సోదా చేసే అధికారం దాని నుంచి పుట్టింది. ఆ చట్టం 1695లో కాలం చెల్లిపోయింది. చట్టం పోయినా కార్యాలయంలో నమూనా కాగితం మిగిలింది. గుమాస్తాలు దాన్నే చూసి రాస్తూ పోయారు, మంత్రులు సంతకాలు చేస్తూ పోయారు. ఏ ప్రభుత్వ కార్యాలయంతోనైనా పని పడినవాళ్ళకు ఈ సంగతి చదవగానే ఒళ్ళు జలదరిస్తుంది. కామ్డెన్ తేల్చింది ఇది: నీకు ఈ అధికారం ఉందంటే అది ఏ చట్టంలో ఉందో చూపించు. చూపించలేకపోతే లేదనే అర్థం. చాలాకాలంగా చేస్తున్నామన్నది చట్టం కాదు. రాజ్యానికి అవసరం అన్నదీ చట్టం కాదు. ఎంటిక్‌కు జూరీ ఇచ్చిన 300 పౌన్లు నిలిచాయి.

1766 ఏప్రిల్‌లో పార్లమెంటు దిగువ సభ గంపగుత్త వారంట్లు చట్టవిరుద్ధమని తీర్మానించింది. హాలిఫాక్స్ ప్రభువు మాత్రం తన మీద విల్క్స్ వేసిన కేసును రకరకాల సాకులతో సాగదీశాడు. మధ్యలో విల్క్స్ పారిస్ పారిపోవడం, సభ్యత్వం పోవడం, తిరిగి రావడం, జైలుకు పోవడం అన్నీ జరిగాయి. 1769 నవంబరులో జూరీ ఆ మంత్రి మీద 4,000 పౌన్లు వేసింది. అట్లాంటిక్ అవతల బోస్టన్‌లో జేమ్స్ ఓటిస్ అనే న్యాయవాది 1761లోనే కస్టమ్స్ అధికారుల సోదా ఉత్తర్వుల మీద కోర్టులో వాదించి ఓడిపోయాడు. స్వతంత్రం వచ్చాక 1791లో అమెరికా రాజ్యాంగంలో నాలుగో సవరణ చేరింది. ప్రమాణం మీద చెప్పిన తగిన కారణం లేకుండా, సోదా చేసే చోటూ పట్టుకునే మనిషీ వివరంగా రాయకుండా వారంటు ఇవ్వకూడదని అది చెబుతుంది.

మరి మన సంగతి?

లండన్‌లో మంత్రి కాగితం చెల్లదని తేలిన అర్ధ శతాబ్దానికి కలకత్తాలో అదే మంత్రి కాగితం కొత్త పేరుతో వచ్చింది. 1818 బెంగాల్ మూడో రెగ్యులేషను ప్రకారం గవర్నర్ జనరల్ కౌన్సిలు ఉత్తర్వు ఇస్తే చాలు, నేరం మోపకుండా, కోర్టు ముఖం చూపించకుండా మనిషిని ఎంతకాలమైనా ఉంచవచ్చు. 1819లో మద్రాసుకు, 1827లో బొంబాయికి అలాంటివే చేశారు. 1907 మేలో లాలా లజపతిరాయ్‌ను మాండలే పంపింది 1818 నాటి కాగితంతోనే. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో 1930 మే 5 తెల్లవారకముందే దండి దగ్గర కరాడీలో గాంధీ గుడిసెకు సూరత్ జిల్లా మేజిస్ట్రేటు పోలీసులతో వచ్చాడు. ఉత్తర్వు చదివి వినిపించమని గాంధీ అడిగారు. చదివారు. 1827 నాటి 25వ రెగ్యులేషను కింద ఎరవాడకు తరలించారు. విచారణ జరగలేదు.

గమనించండి, ఆ ఉత్తర్వులో గాంధీ పేరు స్పష్టంగానే ఉంది. లీచ్‌ను పట్టిన కాగితంలో పేరు లేకపోవడం లోపం. గాంధీని పట్టిన కాగితంలో పేరు ఉంది, ఆధారాలు చూసి తూచే న్యాయమూర్తి లేడు. పేరు ఒక్కటే ఉంటే చాలదు.

మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1861 నుంచి మారుతూ వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 72వ సెక్షను కోర్టు జారీ చేసే అరెస్టు వారంటు ఎలా ఉండాలో చెబుతుంది. రాతలో ఉండాలి. కోర్టు న్యాయాధికారి సంతకం ఉండాలి. కోర్టు ముద్ర ఉండాలి. కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా అది బతికే ఉంటుంది. అందుకే పదేళ్ళ నాటి పాత వారంటు కూడా తలుపు తట్టవచ్చు. నమూనా ఫారం చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సమన్లు రాసేది మనకు, ఫలానా రోజు రమ్మని. వారంటు రాసేది పోలీసుకు, ఫలానా మనిషిని తెమ్మని. అది న్యాయమూర్తి పోలీసుకు ఇచ్చే ఆదేశం. ఆ ఆదేశం దాటి ఆ పోలీసు ఆ కాగితం మీద మరొకరిని తాకకూడదు.

వారంటు వచ్చిందనగానే మన ఊళ్ళలో మనిషి దోషి అయిపోయినట్టే మాట్లాడుకుంటారు. పత్రికల శీర్షికలు కూడా అలాగే ఉంటాయి. తీర్పుకూ వారంటుకూ సంబంధం లేదు. సమన్లు అందుకుని కోర్టుకు రాని సాక్షి మీద కూడా వారంటు తీయవచ్చు. సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో ఈ వరస చెప్పింది: మామూలుగా ముందు సమన్లు, దానికి రాకపోతే బెయిలబుల్ వారంటు, అప్పటికీ తప్పించుకుంటుంటే నాన్ బెయిలబుల్. మనిషి స్వేచ్ఛ విలువైనది, కోర్టులు ఆచితూచి వారంట్లు ఇవ్వాలన్నది ఆ తీర్పు సారం.

ఒక మాట దాచకూడదు. హత్య వంటి కాగ్నిజబుల్ నేరాల్లో పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు, చట్టమే ఆ అధికారం ఇచ్చింది. అక్కడ న్యాయమూర్తి ముందు రాడు, వెనక వస్తాడు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం అందుకే కట్టడి చేసింది.

పోలీసులు వారంటు తెచ్చామంటే భయపడి తలుపు వేసుకోకండి, పారిపోకండి. చూపించమని మర్యాదగా అడగండి. సారాంశం చెప్పడం, అడిగితే కాగితం చూపించడం వాళ్ళ విధి అని 77వ సెక్షను అంటోంది. పేరు, తండ్రి పేరు, చిరునామా మీవేనా? ఏ కోర్టు? ఏ కేసు? సంతకం, ముద్ర ఉన్నాయా? జామీను మీద వదలవచ్చని వెనక రాశారా? ఈ ప్రశ్నలు అడగండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళకూ, బడికి పోయే పిల్లలకూ నేర్పండి.

వచ్చే భాగంలో: 1779లో కలకత్తా సుప్రీంకోర్టు జడ్జీలు కాశీజోడా రాజును పట్టి తెమ్మని పంపిన మనుషులను వారన్ హేస్టింగ్స్ సైన్యం పెట్టి ఆపించిన కథ.